పేరున్న కంపెనీయా, చదివిన పనియా?

(2025 దీపావళి కలయిక సందర్భంగా ఫ్రాంక్‌ఫర్ట్‌లో చేసిన ప్రసంగ పాఠం)



మన వార్షిక సంచికలో ఏటా వచ్చే విషయాలు మీకు తెలుసు. ఏజెంటు మోసాలు, గల్ఫ్ నుంచి రావలసిన జీతం బకాయిలు, నర్సుల జర్మన్ పరీక్షలు, ఊరికి చేరాల్సిన పార్థివ దేహాలు. ఈసారి ఫైనాన్స్ చదివిన పిల్లల ఉద్యోగాల గురించి మాట్లాడతామంటే మా కమిటీలోనే ఒకాయన "చేతిలో రెండు ఉద్యోగాలున్నోడికి కష్టమేందండీ, ఉద్యోగం లేనోడి సంగతి చూడక?" అన్నారు. మాట సబబే. కాకపోతే ఆ రెండు ఉద్యోగాల వెనక ఊళ్లో ఇంటి కాగితాలు బ్యాంకులో ఉన్నాయి. తప్పు ఎంపికైతే పోయేది పిల్లవాడి మోజు ఒక్కటే అయితే మేం ఈ మైకు పట్టుకునేవాళ్లం కాదు.

ముందు ఒక ఇంటి సంగతి చెప్తాం. పేర్లు చెప్పం, ఆ కుటుంబాన్ని అడిగే చెప్తున్నాం.

జగిత్యాల వైపు అమ్మాయి. బీకాం చేసి, హైదరాబాద్‌లో రెండేళ్లు అకౌంట్స్ పని చేసి, ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలో ఫైనాన్స్‌లో మాస్టర్స్‌కు వచ్చింది. బ్లాక్డ్ అకౌంటులో చూపించాల్సిన 11,904 యూరోలతో సహా అంతా కలిపి 18 లక్షల అప్పు. ఇల్లు తాకట్టు. తండ్రి దుబాయ్‌లో పద్నాలుగేళ్లు కష్టం చేసి తిరిగొచ్చినాయన. చదువుతూనే అమ్మాయి ఒక పంపులు తయారుచేసే మధ్యతరహా కంపెనీలో వెర్క్‌స్టూడెంట్‌గా వారానికి ఇరవై గంటలు చేసింది. ట్రెజరీ విభాగం. అంటే కంపెనీ బ్యాంకు ఖాతాల్లో రేపు ఎంత ఉంటుంది, వచ్చే పదమూడు వారాల్లో ఎంత వస్తుంది, డాలర్లలో రావలసిన సొమ్ము యూరోల్లోకి మారేటప్పుడు నష్టం రాకుండా ఏం చేయాలి, ఏ బ్యాంకు గ్యారంటీ ఎప్పటికి ముగుస్తుంది, ఇలాంటి లెక్కలు. తను చదివింది సరిగ్గా అదే.

చదువు అయ్యాక రెండు ఆఫర్లు వచ్చాయి. ఒకటి, ఊళ్లో ఏ బస్టాండులో అడిగినా పేరు చెప్పగలిగేంత పెద్ద కంపెనీ. ఏడాదికి 52 వేల యూరోలు. ఒక ఏడాది కాంట్రాక్టు. పని పేరులో ఫైనాన్స్ అని ఉంది గానీ, విషయం చదివితే సప్లయర్ల వివరాలు సిస్టంలో సరిచూడడం, నెలనెలా స్లయిడ్లు తయారుచేయడం. రెండోది తను పనిచేస్తున్న పంపుల కంపెనీయే. 46 వేలు. గడువు లేని కాంట్రాక్టు. అదే ట్రెజరీ పని, ఈసారి పూర్తి బాధ్యతతో. చిన్న ఊరు, గంటకొక రైలు, ఆఫీసులో అందరూ జర్మన్‌లోనే మాట్లాడతారు.

తండ్రి వాట్సాప్ కాల్‌లో ఒకటే మాట: "పేరున్న కంపెనీ ఇడిసిపెట్టి గా తెల్వని కంపెనీల జేరుడేంది బిడ్డా? ఆరు వేల యూరోలు ఇడుస్తవా?"

ఆయన లెక్క తేలిగ్గా తీసేయదగ్గది కాదు. ఏడాదికి ఆరు వేలంటే నెలకు ఐదొందలు. పన్ను, పెన్షను, ఆరోగ్య బీమా పోయాక అందులో అటూ ఇటూగా సగం చేతికొస్తుంది. రెండొందల యాభై యూరోలు. అప్పటి రేటుకు పాతిక వేల రూపాయలు. ఆ ఇంటి మీదున్న అప్పు నెలసరి వాయిదా కూడా సరిగ్గా అంతే. అంటే ఆ తండ్రి కళ్లకు రెండో ఉద్యోగమంటే వాయిదా మొత్తాన్ని వదులుకోవడమే.

ఇంకో సంగతి ఉంది. అది మాకు ఆయనతో గంటసేపు మాట్లాడితే గానీ అర్థం కాలేదు. దుబాయ్‌లో పద్నాలుగేళ్లు ఆయన చూసిన లోకంలో కంపెనీ పేరే చట్టం. కంపెనీ వీసా మీద పోయినోడికి నెల తిరగ్గానే జీతం, క్యాంపులో గది, రెండేళ్లకోసారి టికెట్టు. ఆజాద్ వీసా మీద పోయినోడు కఫీల్‌కు డబ్బు కట్టుకుంటూ, పని తనే వెతుక్కుంటూ, చివరికి ఖల్లివెల్లి అయి పోలీసుల కంటపడకుండా బతకడం. పెద్ద కంపెనీలో ఉన్నోడికీ చిన్న కాంట్రాక్టరు కింద ఉన్నోడికీ మధ్య తేడా ఒక్కోసారి ప్రాణమంత. మన ఇళ్లలో "పేరున్న కంపెనీ" అనే మాటకు అంత బరువు రావడానికి ఆ అనుభవం కూడా కారణం. పెద్దవాళ్లది వట్టి డాబు అనుకునే పిల్లలకు ఈ మాట చెప్పాలనిపించింది.

అయితే జర్మనీలో ఆ రక్షణ ఉండే చోటు వేరు. ఇక్కడ అది చాలావరకు మన కాంట్రాక్టు కాగితంలోనూ, ఉద్యోగి పేరు మీద ఉన్న చట్టంలోనూ ఉంటుంది. ఉద్యోగం నుంచి అన్యాయంగా తీసేయకుండా కాపాడే చట్టం పదిమందికి మించి పనిచేసే సంస్థలో, ఆరు నెలలు నిండాక, అందరికీ ఒకేలా వర్తిస్తుంది. లక్షమంది ఉన్న కంపెనీకీ అదే, రెండొందల మంది ఉన్న పంపుల కంపెనీకీ అదే. ప్రోబెత్సైట్ అనే ఆ మొదటి ఆరు నెలలు మాత్రం రెండుచోట్లా రెండు వారాల నోటీసుతో పంపించొచ్చు. కానీ ఏడాది కాంట్రాక్టు ఏడాదికి దానంతటదే ముగుస్తుంది. తీసేయనక్కర్లేదు, కారణం చెప్పనక్కర్లేదు. అంత పెద్ద పేరున్నా ఆ రోజు అది మనకు అడ్డం నిలబడదు.

ఇక వీసా. ఇక్కడే చాలామంది పిల్లలు తప్పు లెక్క వేస్తున్నారు. 2025లో బ్లూకార్డుకు మామూలు జీతం హద్దు 48,300 యూరోలు. 46 వేల ఆఫర్ చూడగానే అమ్మాయి స్నేహితులు "దీని మీద బ్లూకార్డు రాదు" అని తేల్చేశారు. వస్తుంది. డిగ్రీ పూర్తయి మూడేళ్లు దాటనివాళ్లకు 2025లో హద్దు 43,759.80 యూరోలే. కాకపోతే ఆ తక్కువ హద్దు మీద ఇచ్చేటప్పుడు బుండెస్‌అగెంటూర్, అంటే కేంద్ర ఉపాధి సంస్థ, ఆమోదం కావాలి. జీతం, పని షరతులు స్థానికులతో సమానంగా ఉన్నాయా అని వాళ్లు చూస్తారు. రెండోది, బ్లూకార్డుకు పని చదువుకు తగినదై ఉండాలి. స్లయిడ్లు చేసే పనికి ఫైనాన్స్ మాస్టర్స్ ఎందుకు అని విదేశీయుల కార్యాలయంలో అడిగితే జవాబు మన దగ్గర ఉండాలి. మూడోది అసలైనది: బ్లూకార్డు కాంట్రాక్టు కాలానికి మూడు నెలలు కలిపి ఇస్తారు. ఏడాది కాంట్రాక్టుకు వచ్చేది పదిహేను నెలల కార్డు. గడువు లేని కాంట్రాక్టుకు నాలుగేళ్ల దాకా ఇవ్వొచ్చు. శాశ్వత నివాసానికి బ్లూకార్డు మీద జర్మన్ బీ1 ఉంటే 21 నెలలు, ఏ1 మాత్రమే ఉంటే 27 నెలలు పనిచేసి ఉండాలి. పదిహేను నెలల కార్డుతో ఆ గీత చేరాలంటే మధ్యలో ఇంకో కాంట్రాక్టు దొరకాల్సిందే.

ఇవన్నీ మేం మొదట్నుంచీ తెలిసి చెప్పినవాళ్లమని అనుకోకండి. మా తప్పు కూడా ఈ సభలో ఒప్పుకోవాలి. మూడేళ్ల కిందట గుంటూరు వైపు అబ్బాయి ఒకడు ఇలాగే రెండు ఆఫర్లతో వచ్చాడు. ఒకటి చిన్న బ్యాంకులో రుణాల రిస్కు లెక్కలు, రెండోది మహా పేరున్న సంస్థలో ప్రాజెక్టు ఆఫీసు. మేమంతా కూర్చుని, "పేరు రెజ్యూమేలో పడితే చాలు, తర్వాత ఎటైనా పోవచ్చు" అని పంపించాం. వాళ్లింట్లో మిఠాయిలు పంచారు. పెళ్లి సంబంధాలు కూడా పెరిగాయట. రెండేళ్లు గడిచాయి. కారణం చూపకుండా గడువు కాంట్రాక్టు ఇక్కడ రెండేళ్లకు మించి నడపకూడదు. అక్కడితో ముగిసింది. ఆ తర్వాత రిస్కు ఉద్యోగాలకు వెళ్తే ప్రతి ఇంటర్వ్యూలో ఒకే ప్రశ్న: "ఈ రెండేళ్లలో ఏ లెక్క మీ చేత్తో కట్టారు?" సమావేశాలు ఏర్పాటు చేశాను, పట్టికలు రంగులతో నింపాను అని ఎలా చెప్తాడు? చివరికి 25 ఏళ్లప్పుడు చేయాల్సిన అకౌంట్స్ పని 28లో మొదలుపెట్టాడు, తక్కువ జీతానికి. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే మాకు ఎక్కువ బాధ.

ఇక్కడ ఒక జర్మన్ కాగితం గురించి కాస్త విపులంగా చెప్పాలి. ఆర్బైట్స్‌త్సోయిగ్నిస్. మన దేశంలో ఎక్స్‌పీరియన్స్ లెటర్ అంటే ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా పనిచేశాడు, ప్రవర్తన బాగుంది, సంతకం, ముద్ర. అక్కడ ముద్ర మీది పేరే విలువ. ఇక్కడ ఉద్యోగం మానేటప్పుడు వివరమైన త్సోయిగ్నిస్ అడిగి తీసుకోవడం చట్టం ఇచ్చిన హక్కు. అందులో మొదట సంస్థ గురించి నాలుగు ముక్కలు, తర్వాత మనం చేసిన పనుల చిట్టా, ఆ తర్వాత ఎలా చేశామో ఒక వాక్యం. ఆ వాక్యానికి ఇక్కడ ఒక గూఢ భాష ఉంది. "స్టెట్స్ త్సు ఉన్‌జెరర్ ఫోల్‌స్టన్ త్సుఫ్రీడన్‌హైట్" అంటే ఎల్లప్పుడూ మా సంపూర్ణాతి సంపూర్ణ సంతృప్తికి అని. అది ఒకటో గ్రేడు. ఆ "ఎల్లప్పుడూ" తీసేసి, "ఫోల్‌స్టన్"ను "ఫోలన్" చేస్తే మూడో గ్రేడుకు జారిపోయినట్టు. "ప్రయత్నించాడు" అని రాశారంటే చేతకాలేదని అర్థం. మనకు కొత్తేం కాదు. పెళ్లి సంబంధం గురించి వాకబు చేస్తే "అబ్బాయి మంచివాడేనండీ" అని ఆ 'ఏ' కాస్త సాగదీసి చెప్తే మనం మళ్లీ ఆ గడప తొక్కుతామా?

కానీ ఫైనాన్స్‌లో చదివేవాడి చూపు ముందు పనుల చిట్టా మీద పడుతుంది. నెలాఖరు లెక్కలు మూసిందా, హెచ్‌జీబీ పద్ధతిలోనా ఐఎఫ్‌ఆర్‌ఎస్‌లోనా, బ్యాంకులతో తనే మాట్లాడిందా, ఎంత సొమ్ము మీద బాధ్యత. పెద్ద పేరు కింద చిట్టా డొల్లగా ఉంటే ఆ పేరు వల్లే ప్రశ్న మరింత పదునుగా వస్తుంది: అంత చోట ఉండి ఇదేనా చేసింది?

పెద్ద కంపెనీ వద్దని మేం ప్రచారం చేయడం లేదు. మా సభ్యుల్లోనే ఒకతను పెద్ద ఆడిట్ సంస్థలో చేరాడు. మొదటి సీజనుకే నాలుగు కంపెనీల పుస్తకాలు తిరగేశాడు, రాత్రి పదింటి దాకా కూర్చున్నాడు, పనీ పేరూ రెండూ వచ్చాయి. అలాంటి చోట ఆలోచించేదేముంది? సమష్టి వేతన ఒప్పందాలు అమల్లో ఉన్న పెద్ద కర్మాగారాల్లో జీతం, సెలవులు, పనిగంటలు నిజంగా మెరుగు. పశ్చిమ జర్మనీ లోహ పరిశ్రమలో 35 గంటల వారం ఊరికే రాలేదు, యూనియన్లు కొట్లాడి తెచ్చుకున్నాయి. చిన్న కంపెనీలో యజమాని కుటుంబం మనసు మారితే విభాగమే ఎత్తేయొచ్చు, దివాలా కూడా తీయొచ్చు. అప్పుడు చివరి మూడు నెలల దాకా రాని జీతాన్ని ఉపాధి సంస్థ ఇన్సోల్వెన్స్‌గెల్డ్‌గా ఇస్తుంది. అది తెలిసి ఉండడం మంచిది, దాని మీద ఆధారపడడం మంచిది కాదు.

పెద్ద పేరు కూడా రాతిగోడ కాదని మాత్రం ఇప్పుడు ఎవరికీ చెప్పనక్కర్లేదు. 2024 డిసెంబరులో ఫోక్స్‌వాగన్ 2030 నాటికి 35 వేల పైచిలుకు ఉద్యోగాలు తగ్గించే ఒప్పందం చేసుకుంది. 2025 సెప్టెంబరులో బాష్ మరో 13 వేలు అంది. ఇలాంటప్పుడు గడువు కాంట్రాక్టులు పొడిగించకపోవడమే అన్నిటికన్నా సులువైన పని. అందులో ముందు ఉండేది మన పిల్లలే.

ఫైనాన్స్ వాళ్లకు ఇంకో రెండు కథలు గుర్తుచేస్తాం. మనకు సత్యం తెలుసు. 1987లో హైదరాబాద్‌లో పుట్టి, ఇంటికొక కొడుకో అల్లుడో అందులో ఉంటే చాలనుకున్న కంపెనీ. 2008లో కార్పొరేట్ పాలనకు బంగారు నెమలి అవార్డు కూడా అందుకుంది. 2009 జనవరి 7న రామలింగరాజు ఉత్తరం బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపిన నగదులో ఐదు వేల కోట్ల రూపాయల పైన అసలు లేనే లేదు. ఆ వారం మన ఇళ్లల్లో పొయ్యి వెలిగించిన తీరు పెద్దవాళ్లకు గుర్తుంటుంది. ఇక జర్మనీలో వైర్‌కార్డ్. మ్యూనిక్ పక్కన ఆష్‌హైమ్ దాని ఊరు. 2018 సెప్టెంబరులో కామెర్జ్‌బ్యాంకును పక్కకు నెట్టి డాక్స్ సూచీలో చోటు సంపాదించింది. 2020 జూన్‌లో దివాలాకు దరఖాస్తు పెట్టింది. ఫిలిప్పీన్స్ బ్యాంకుల్లో ఉన్నాయన్న 190 కోట్ల యూరోలు లేవు. రెండుచోట్లా పెద్ద ఆడిటర్లు సంతకాలు చేశారు. రెండుచోట్లా అబద్ధం దాగిన గది ఒకటే, బ్యాంకు నిల్వ. పంపుల కంపెనీలో ఆ అమ్మాయి రోజూ పొద్దున్నే చేసే మొదటి పని బ్యాంకు నిల్వను పుస్తకంతో సరిచూడడం. పేరు లేని చిన్న పనే. సరిగ్గా అది జరగకనే అంత పేరున్న రెండు కంపెనీలు కూలాయి.

బ్యాడ్జి గురించి కూడా ఒక హెచ్చరిక. కొంతమంది పిల్లల మెడలో పెద్ద కంపెనీ గుర్తింపు కార్డు ఉంటుంది, కాంట్రాక్టు కాగితం మీద మాత్రం మనుషుల్ని అద్దెకిచ్చే సంస్థ పేరు. దీన్ని లైఆర్‌బైట్ అంటారు. ఒకే చోటికి మామూలుగా 18 నెలలకు మించి పంపకూడదు. తొమ్మిది నెలలు దాటాక అక్కడి వాళ్లతో సమాన జీతం ఇవ్వాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఉపాధి సంస్థ ఆమోదం అవసరమైన వీసాలకు లైఆర్‌బైట్ మీద ఆ ఆమోదం ఇవ్వకూడదని చట్టంలోనే ఉంది. అంటే తక్కువ హద్దు బ్లూకార్డు ఆ దారిలో రాదు. సంతకం పెట్టేముందు పైన ఎవరి పేరుందో చూడండి. ఊళ్లో స్టేటస్ తర్వాత పెట్టుకోవచ్చు.

మళ్లీ మన అమ్మాయి దగ్గరికి వద్దాం. చదువు తర్వాత ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే 18 నెలల అనుమతిలో ఇంకా పదకొండు నెలలు మిగిలే ఉన్నాయి. కాబట్టి తొందర లేదు. మేం ఈసారి సలహా ఇవ్వలేదు. పాత తప్పు గుర్తుంది. రెండు కాంట్రాక్టులూ బల్ల మీద పెట్టి వాక్యం వాక్యం చదివాం. పెద్ద కంపెనీకి మెయిల్ రాయించాం: ఏడాది తర్వాత పొడిగింపు ఉంటుందా, ట్రెజరీ విభాగానికి మారే వీలుందా? మర్యాదగా జవాబొచ్చింది, మాట మాత్రం ఇవ్వలేదు. పంపుల కంపెనీని అడిగించాం: ప్రోబెత్సైట్ ముగిశాక జీతం మళ్లీ చూస్తారా, జర్మన్ క్లాసుకు డబ్బిస్తారా? రెండోదానికి ఒప్పుకున్నారు. మొదటిదానికి రెండు వేలు పెంచుతామని కాంట్రాక్టులోనే రాశారు. అడిగితే రాశారు. అడక్కపోతే రాసేవాళ్లు కాదు. మన పిల్లలు జీతం గురించి అడగడమంటే దేవుడి ప్రసాదం తిరగ్గొట్టినట్టు భయపడతారు.

అద్దె కూడా లెక్కేశాం. పెద్ద ఊళ్లో గదికీ ఈ చిన్న ఊళ్లో గదికీ తేడా వేస్తే తండ్రి చెప్పిన ఆ రెండొందల యాభైలో చాలా భాగం అక్కడే పూడింది. అంతా పూడలేదు. మొదటి ఆరు నెలలు వాయిదా కట్టాక చేతిలో పెద్దగా మిగలదని ఆమెకు తెలుసు.

భయం మాత్రం భాష గురించే. బీ1 సర్టిఫికెట్టు ఉంది. కానీ మీటింగులో ఎనిమిది మంది ఒకేసారి హెస్సెన్ యాసలో మాట్లాడుతుంటే బీ1 ఏ మూలకు? పెద్ద కంపెనీలో ఇంగ్లిష్‌తో హాయిగా గడిచిపోయేది. ఆ హాయి ఖరీదెంతో ఆమెనే ఆలోచించుకోమన్నాం.

మే నెలలో పంపుల కంపెనీలో చేరింది. నెలాఖరుకు ప్రోబెత్సైట్ ముగుస్తుంది, ఇంకా ముగియలేదు. కాబట్టి అంతా శుభం అని మేం ఇప్పుడే చెప్పలేం. మొదటి రెండు నెలలు సాయంత్రాలు ఫోన్ చేసి ఏడ్చిందని మాత్రం చెప్పగలం. ఇప్పుడు ఫోన్ చేస్తే డాలరు రేటు గురించి మాట్లాడుతోంది, మాకు సగం అర్థం కావడం లేదు.

వాళ్ల నాన్న పోయిన వారం ఫోన్ చేశారు. బిడ్డ కంపెనీ పేరు ఆయనకు ఇప్పటికీ నోరు తిరగదు. ఊళ్లో ఎవరైనా అడిగితే "పంపుల కంపెనీ" అంటున్నారట. కాసేపు పొలం, వానలు మాట్లాడాక మెల్లగా అడిగారు.

"తమ్మీ, గా కంపెనోళ్లు పాస్‌పోర్ట్ తీసుకోలేదు గద?"

"లేదన్నా, ఆమె దగ్గర్నే ఉంది."

"నెలనెలా జీతం పడ్తున్నదా?"

"పడ్తున్నదన్నా. తారీఖు తప్పుతలేదు."

కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అయితే మంచిదే" అని ఫోన్ పెట్టేశారు.